వెసులుబాటు లేని చోట తట్టుకునే శక్తి ఉండదు

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను. సుస్థిరత, రెజిలియెన్స్ (దెబ్బను తట్టుకునే శక్తి) అనే రెండు మాటలు ప్రభుత్వ నివేదికల నుంచి ఆఫీసు మీటింగుల దాకా అంతటా వినిపిస్తున్నాయి, రెండూ ఒకటేనా? మీ ఆఫీసులో మనుషులను తగ్గించి, మిగిలినవాళ్లకు రెజిలియెన్స్ ట్రైనింగ్ పెట్టారు, దానివల్ల ప్రయోజనం ఉంటుందా? మామూలు మనిషి తన స్థాయిలో ఏమైనా చేయగలడా?

నేను చాలా ఏళ్లు ఫ్యాక్టరీల్లో సరఫరా ప్రణాళిక చూశాను. ఆ తర్వాత, ఏదైనా అంతరాయం వస్తే పని ఆగకుండా ఎలా నడపాలో సంస్థలకు చెప్పే పనిలో ఉన్నాను. ఆ అనుభవంతో నాకు స్థిరపడిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దేశమైనా, కంపెనీ అయినా, కుటుంబమైనా దెబ్బను తట్టుకునేది తన దగ్గర మిగిలి ఉన్న వెసులుబాటుతోనే, అంటే రోజువారీ అవసరానికి మించి ఉంచుకున్న సమయం, డబ్బు, మనుషులు, సరుకుతోనే. ఆ వెసులుబాటు మంచి రోజుల్లో దండగ ఖర్చులా కనిపిస్తుంది, అందుకే కోతలు మొదలైతే ముందు దాని మీదే పడతాయి. కాబట్టి రెజిలియెన్స్ గురించి ఎవరు మాట్లాడినా నేను మూడు విషయాలు చూస్తాను: వెసులుబాటు ఎవరి దగ్గర ఉంది, దాన్ని తీసేసే అధికారం ఎవరికి ఉంది, తీసేశాక దెబ్బ ఎవరికి తగులుతుంది.

ఇక రెండు మాటల మధ్య తేడా. సుస్థిరత అంటే, ఇప్పుడు చేస్తున్న పని తనకు ఆధారమైన వనరులను తినేయకుండా ఎంతకాలం సాగగలదన్న లెక్క. 1987లో ఐక్యరాజ్యసమితి తరఫున బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ వాడుకలో ఉంది: రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే అవకాశాన్ని దెబ్బతీయకుండా ఈ తరం తన అవసరాలు తీర్చుకోవడం. రెజిలియెన్స్ సంగతి వేరు. అనుకోని దెబ్బ తగిలినప్పుడు ఒక వ్యవస్థ తన అసలు పనిని కాపాడుకుంటూ నిలబడగలదా అన్నది అక్కడ ప్రశ్న. ఈ ఆలోచనకు పునాది వేసినవారిలో ముఖ్యుడు కెనడా పర్యావరణ శాస్త్రవేత్త సి.ఎస్. హోలింగ్. ఏ ఒడిదుడుకూ లేకుండా స్థిరంగా కనిపించే వ్యవస్థ ఒక్క దెబ్బకు కూలిపోవచ్చని, ఎప్పుడూ ఒడిదుడుకుల్లో ఉండే వ్యవస్థ చాలాకాలం నిలబడవచ్చని ఆయన 1973లో రాశాడు. ఆయన మాట్లాడింది అడవుల గురించి, సరస్సుల గురించి. కంపెనీల విషయంలో కూడా అది నిజమేనని నేను కళ్లారా చూశాను. ప్రతి మూడు నెలలకూ అంకెలు గీత గీసినట్టు ఒకేలా వస్తున్నాయంటే నాకు ధైర్యం కలగదు. ఆ గీత చెదరకుండా ఉంచడానికి లోపల ఏది ఖర్చైపోతోందో వెతకాలనిపిస్తుంది.

ఈ రెండింటిలో ఒకటి ఉండి రెండోది లేకపోతే ఏమవుతుందో న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేపల కథలో తెలుస్తుంది. కెనడా తూర్పు తీరంలో దాదాపు ఐదు శతాబ్దాల పాటు జనం ఆ చేపల మీద బతికారు. ఆ తర్వాత పెద్ద ఇంజన్లు, ధ్వనితో నీటి అడుగున చేపలను వెతికే సోనార్, చేపలను పట్టిన చోటే గడ్డకట్టించే ఓడలు వచ్చాయి. 1968లో పట్టుబడి దాదాపు 8 లక్షల టన్నులకు చేరింది. 1992 జూలై 2న ప్రభుత్వం వేట ఆపేయాల్సి వచ్చింది, సుమారు 30,000 మందికి జీవనోపాధి పోయింది. చేపలు తగ్గుతున్నాయని ఎవరికీ తెలియలేదా అని మీకు అనిపించవచ్చు. తీరం దగ్గర చిన్న పడవల్లో వేటాడేవాళ్లకు తెలుసు. వలల్లో పడే చేపలు తగ్గాయని, సైజు చిన్నదైందని 1980ల్లో వాళ్లు చెబుతూనే ఉన్నారు. కానీ అంచనాలు వేసేవాళ్లు నడిసముద్రంలో పెద్ద ఓడలు పట్టే లెక్కల మీద ఎక్కువగా ఆధారపడ్డారు. ఉన్న కాసిని చేపలూ గుంపుగా చేరే చోటును సోనార్ వెతికి చూపిస్తుంది కాబట్టి, సముద్రంలో చేప అడుగంటుతున్నా ఓడల పట్టుబడి చాలాకాలం బాగానే కనిపించింది.

ఆ పరిశ్రమ తట్టుకునే శక్తి లేనిదేం కాదు. చేపలు తక్కువైన ప్రతిసారీ మరింత మంచి ఓడతో, మరింత మంచి పరికరంతో నెట్టుకొచ్చింది. అలా నెట్టుకొచ్చే శక్తి పెరిగేకొద్దీ హెచ్చరిక వినిపించడం తగ్గింది. ఆఫీసుల్లో ఇలాంటిది రోజూ జరుగుతుంది. ముగ్గురి పని ఒకరు రాత్రుళ్లు కూర్చుని పూర్తి చేస్తున్నంతకాలం పై అధికారికి కనిపించే రిపోర్టు పచ్చగానే ఉంటుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. రెజిలియెన్స్ తనంతట తాను మంచి గుణం కాదు. అప్పుల ఊబి, లంచాల అలవాటు, కాలుష్యం మీద నడిచే పరిశ్రమ, ఇవి కూడా ఎన్ని దెబ్బలు తగిలినా మళ్లీ లేచి నిలబడతాయి. అందుకే దేన్ని నిలబెట్టాలనుకుంటున్నామో ముందు తేల్చుకోవాలి. ఆ పని సుస్థిరత చేస్తుంది.

ఇప్పుడు అసలు విషయమైన వెసులుబాటుకు వస్తాను. 1997 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున జపాన్‌లోని కరియాలో ఐసిన్ సెయికి ఫ్యాక్టరీ కాలిపోయింది. టొయోటా కార్ల బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడి నుంచే వచ్చేది. టొయోటా దగ్గర ఉన్న నిల్వ చాలా కొద్ది. దాంతో జపాన్‌లోని టొయోటా ప్లాంట్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. అప్పటికి ప్రపంచమంతా ఆదర్శంగా చూస్తున్న ‘అవసరమైనప్పుడే సరుకు’ పద్ధతికి ఇది పెద్ద ఎదురుదెబ్బ అని చాలామంది అనుకున్నారు. కానీ దాదాపు వారంలోనే ఉత్పత్తి గాడిన పడింది. అరవైకి పైగా సంస్థలు డ్రాయింగులు తెచ్చుకుని, తమ దగ్గరున్న యంత్రాలతోనే ఆ వాల్వు తయారు చేశాయి. కుట్టుమిషన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా వాటిలో ఉంది. రేటు ఎంత, నష్టం ఎవరిది అన్న బేరసారాలతో పని ఆపకుండా ముందు వాల్వులు పంపించారు.

ఈ సంఘటనను రెండు రకాలుగా చదవవచ్చు. నిల్వ లేకపోవడం వల్ల వ్యవస్థ కొద్ది రోజుల్లోనే ఆగింది, అది నిజం. సరఫరాదారులతో దశాబ్దాలుగా ఉన్న నమ్మకం, వాళ్ల ఇంజనీర్లకు ఒకరి పని ఒకరికి తెలిసి ఉండటం వల్ల తొందరగా లేచింది, అదీ నిజమే. అంటే వెసులుబాటు గోడౌన్లో పెట్టెల రూపంలోనే ఉండాలని లేదు. మనుషుల నైపుణ్యంలో ఉండవచ్చు, సంబంధాల్లో ఉండవచ్చు, డిజైన్‌లో ఉండవచ్చు. ఎక్కడో ఒకచోట మాత్రం ఉండాలి. నిల్వను తీసేసి, శాశ్వత ఉద్యోగులను తీసేసి, సరఫరాదారులను ఏటా పిండి పిండి రేటు తగ్గించే కంపెనీ తన పద్ధతి కూడా టొయోటా పద్ధతేనని చెప్పుకుంటే నేను ఒప్పుకోను. పద్ధతిలో సగం మాత్రమే తీసుకుని, దాన్ని నిలబెట్టిన రెండో సగాన్ని వదిలేసింది.

టొయోటా కూడా అక్కడే ఆగిపోలేదు. 2011 మార్చి భూకంపం, సునామీ తర్వాత ఏ భాగం ఎక్కడి నుంచి వస్తుందో చాలా లోతు వరకు వివరాలు సేకరించింది. చిప్‌ల లాంటి, మళ్లీ తయారు కావడానికి చాలాకాలం పట్టే వాటికి నెలల తరబడి సరిపడే నిల్వ ఉంచమని సరఫరాదారులను కోరింది. 2021 మొదట్లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు చాలా కార్ల కంపెనీల ఉత్పత్తి ఆగితే టొయోటా నెలల పాటు నెట్టుకొచ్చింది. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నాటికి దానికీ కోత తప్పలేదు. ఇదే వెసులుబాటు పరిమితి. అది దెబ్బను తప్పించదు, ఆలోచించుకోవడానికి సమయం ఇస్తుంది. సంక్షోభంలో ఉన్నవాళ్లకు దానికి మించిన విలువైన వస్తువు లేదని నా నమ్మకం.

మీ ఆఫీసు విషయంలో నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే వెసులుబాటును దండగ అనుకోవడం ఎందుకు తప్పో అక్కడ లెక్కతో చూపించవచ్చు. ఒక మనిషి దగ్గరకు పనులు ముందుగా చెప్పకుండా వస్తుంటాయి, ఒక్కో పనికి పట్టే సమయం కూడా మారుతుంటుంది అనుకోండి. సపోర్టు డెస్కు, ఆస్పత్రి క్యాజువాలిటీ, బిల్లులు పాస్ చేసే విభాగం, అన్నీ ఇలాంటివే. ఆ మనిషి సమయంలో 50 శాతం నిండి ఉంటే, కొత్తగా వచ్చిన పని సగటున ఒక పనికి పట్టేంత సేపు వేచి ఉంటుంది. 80 శాతం నిండితే నాలుగు రెట్లు, 90 శాతం నిండితే తొమ్మిది రెట్లు, 95 శాతం నిండితే 19 రెట్లు. ఇది క్యూల గణితంలో మొట్టమొదట నేర్పే లెక్క. పని నింపిన శాతాన్ని, మిగిలిన ఖాళీ శాతంతో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య.

ఈ అంకెలను ఒకసారి నెమ్మదిగా చూడండి. 90 నుంచి 95కి వెళ్లినప్పుడు యాజమాన్యానికి కాగితం మీద వచ్చిన లాభం ఐదు శాతం. ఆలస్యం మాత్రం రెట్టింపు దాటింది. అంతేకాదు, 95 శాతం నిండిన మనిషికి ఒకరోజు జ్వరం వస్తే, పేరుకుపోయిన పని దిగడానికి వారాలు పడుతుంది. 80 శాతం దగ్గర ఉన్న మనిషి నాలుగైదు రోజుల్లో దాన్ని సర్దుకోగలడు. ఆ 20 శాతం ఖాళీలోనే కొత్తవాళ్లకు పని నేర్పడం, పాత తప్పులు సరిచేయడం, పక్కవాడి పని ఏమిటో తెలుసుకోవడం జరుగుతాయి. అది బద్ధకం అనుకుని తీసేస్తే, పోయేది ఇవన్నీ.

సామర్థ్యం పెంచడమే సుస్థిరత కదా అని కొందరు వాదిస్తారు. ఇందులోని చిక్కును 1865లోనే ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ గమనించాడు. ఆవిరి యంత్రాలు బొగ్గును పొదుపుగా వాడటం మొదలుపెట్టాక బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగింది, ఎందుకంటే చవకైన శక్తికి కొత్త ఉపయోగాలు పుట్టుకొచ్చాయి. సామర్థ్యం వల్ల మిగిలినదాన్ని ఏం చేస్తామన్నది వేరే నిర్ణయం. ఆ నిర్ణయం ఎవరూ తీసుకోకపోతే మిగిలింది కూడా ఖర్చైపోతుంది. ఈమెయిలు వచ్చి ఉత్తరాల సమయం మిగిల్చింది, ఆ సమయమంతా మళ్లీ ఈమెయిళ్లకే పోయింది.

ఇక ట్రైనింగ్ సంగతి. ఒత్తిడిలో ఊపిరి ఎలా తీసుకోవాలో, నిద్ర ఎలా కాపాడుకోవాలో నేర్పితే చెడు ఏమీ లేదు. కొందరికి నిజంగానే ఊరట దొరుకుతుంది. కానీ కారణం ఒకచోట, మందు ఇంకోచోట ఉంటే రోగం తగ్గదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను (పని ఒత్తిడితో పూర్తిగా అలసి, చేవ ఉడిగిపోవడాన్ని) వృత్తికి సంబంధించిన పరిస్థితిగా వివరించింది, దాన్ని జబ్బుల కింద చేర్చలేదు. పని చోట చాలాకాలం కొనసాగి, సరిగా అదుపు చేయని ఒత్తిడి ఫలితమని చెప్పింది. అదే సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అంచనా ఇంకా కఠినమైనది. వారానికి 55 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే అలాంటి పనిగంటల వల్ల 7,45,000 మంది చనిపోయారని వాళ్ల లెక్క. గంటలు తగ్గించకుండా మనిషి గుండెకు ఓర్చుకోవడం నేర్పలేం.

కాబట్టి మీ ట్రైనింగ్‌కు వెళ్లండి, వెళ్లినప్పుడు మర్యాదగానే ఒక ప్రశ్న అడగండి: మనుషులు తగ్గారు కదా, వాళ్లతో పాటు ఏయే పనులు తగ్గించారు? ఆగిపోయిన రిపోర్టులు, రద్దయిన మీటింగులు, వెనక్కి జరిపిన గడువులు ఏవైనా ఉంటే ఆ యాజమాన్యం ఆలోచిస్తోందని అర్థం. పని మొత్తం అలాగే ఉండి మనుషులు మాత్రమే తగ్గి ఉంటే, కంపెనీ దగ్గరున్న వెసులుబాటును మీ నిద్రలోంచి, మీ ఇంట్లోవాళ్ల సమయంలోంచి తీసుకుంటున్నారు. దాన్ని అలాగే పేరు పెట్టి చెప్పుకోవాలి. తట్టుకోలేకపోవడం మీ లోపం అని మీకు మీరు నచ్చజెప్పుకోకండి.

ఒక సంస్థ ఆరోగ్యం చూడమని నన్ను పిలిస్తే నేను మొదట అడిగేది సెలవుల గురించి. ఎవరు రెండు వారాలు ఫోను కూడా ఎత్తకుండా సెలవు తీసుకుంటే పని ఆగిపోతుంది? ఈ ప్రశ్నకు వచ్చే పేర్లే ఆ సంస్థ బలహీన స్థానాలు. చాలాచోట్ల ఆ పేర్లు పై అధికారులవి కావు. పదేళ్లుగా ఒకే సీట్లో ఉన్న అకౌంటెంటు, పాత సాఫ్ట్‌వేర్ తెలిసిన ఒకే ఒక్క ఉద్యోగి, ఏ లారీ యజమానిని ఎలా అడగాలో తెలిసిన డిస్పాచ్ గుమాస్తా. వాళ్లకు జీతం తక్కువ, పదోన్నతి లేదు, సెలవు దొరకదు. వాళ్లు మానేసిన రోజున మాత్రం సంస్థకు వాళ్ల విలువ తెలుస్తుంది.

దేశాల ఆర్థిక వ్యవస్థల దగ్గరకు వస్తే, అక్కడా ఇదే సమస్య పెద్ద అంకెలతో ఉంటుంది. 2008 సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీయడానికి కొద్దికాలం ముందు, తన సొంత మూలధనానికి దాదాపు 30 రెట్ల ఆస్తులను అప్పుల మీద నిలబెట్టుకుంది. అంటే ఆస్తుల విలువ మూడు, నాలుగు శాతం పడితే మిగిలేది శూన్యం. లాభాలు వచ్చే రోజుల్లో మాత్రం, ఎక్కువ మూలధనం పెట్టుకున్న బ్యాంకు చేతకానిదిలా కనిపించింది. ఆ సంక్షోభం తర్వాత బ్యాంకుల కోసం వచ్చిన బాసెల్ 3 అనే అంతర్జాతీయ నియమాల్లో నాకు బాగా నచ్చినది, మంచి రోజుల్లో బ్యాంకులు అదనపు మూలధనం కూడబెట్టాలని, చెడ్డ రోజుల్లో దాన్ని వాడుకోనివ్వాలని పెట్టిన ఏర్పాటు. 2020 మార్చిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ అలా ఉంచిన నిష్పత్తిని ఒక శాతం నుంచి సున్నాకు తగ్గించింది, బ్యాంకులు అప్పులివ్వడం ఆపకూడదని. వెసులుబాటు అంటే దాచిపెట్టి తాళం వేయడం కాదు. ఎప్పుడు దాచాలో, ఎప్పుడు తీయాలో ముందే రాసి పెట్టుకోవాలి. లేకపోతే లాభాల వేడిలో ఎవరూ దాచరు, భయంలో ఎవరూ తీయరు.

భూమిలోంచి తవ్వి తీసే సంపద విషయంలో నార్వే, నౌరూ పక్కపక్కన పెట్టి చూడదగినవి. పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీపం నౌరూ 1970ల్లో ఫాస్ఫేట్ అమ్మకాలతో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉండేది. భవిష్యత్తు కోసం ట్రస్టు కూడా పెట్టుకుంది. ఆ డబ్బు చెడ్డ పెట్టుబడుల్లో, దుబారాలో కరిగిపోయింది. ఫాస్ఫేట్ తరిగిపోయింది, తవ్విన నేల ఎందుకూ పనికిరాకుండా మిగిలింది. నార్వే 1990లో చమురు నిధికి చట్టం చేసి, 1996లో మొదటిసారి డబ్బు వేసింది. 2001లో ఒక నియమం పెట్టుకుంది, ఏటా ఆ నిధి నుంచి సగటున దాని నుంచి ఆశించే రాబడి మేరకే ఖర్చు చేయాలని. మొదట దాన్ని 4 శాతంగా లెక్కించారు, 2017లో 3 శాతానికి తగ్గించారు. నిధి పెట్టాలన్న ఆలోచన రెండు దేశాలకూ వచ్చింది. తేడా వచ్చింది నియమం దగ్గర, ఆ నియమం అమలవుతోందో లేదో ప్రజలకు కనిపించడం దగ్గర.

వెసులుబాటును తీసేసేవాళ్లు ఒకరు, దెబ్బ తినేవాళ్లు ఇంకొకరు అయినప్పుడు ఎంత ఘోరం జరుగుతుందో టెక్సస్‌లో చూశాం. 2011 ఫిబ్రవరి చలిలో అక్కడ కరెంటు వ్యవస్థ దెబ్బతింది. ప్లాంట్లకు, గ్యాస్ లైన్లకు చలి తట్టుకునే ఏర్పాట్లు చేయాలని కేంద్ర నియంత్రణ సంస్థలు సిఫారసు చేశాయి. చేసి తీరాలన్న నిబంధన పెట్టలేదు. తక్కువ ధరకు కరెంటు అమ్మితేనే మార్కెట్లో నిలబడే చోట, ఎప్పుడో వచ్చే చలి కోసం ఎవరు ఖర్చు పెడతారు? పదేళ్ల తర్వాత, 2021 ఫిబ్రవరిలో అంతకన్నా పెద్ద చలి వచ్చింది. 45 లక్షలకు పైగా ఇళ్లకూ వ్యాపారాలకూ కరెంటు పోయింది, రాష్ట్ర ప్రభుత్వ లెక్కలోనే 246 మంది చనిపోయారు. ఇంకో నాలుగున్నర నిమిషాలు ఆలస్యమైతే మొత్తం గ్రిడ్డే కుప్పకూలేదని తర్వాత తేలింది. పొదుపు చేసిన డబ్బు ఒకరి ఖాతాలోకి వెళ్లింది, చలికి చనిపోయినవాళ్లు వేరే.

దీనికి విరుగుడు ఎక్కడుందో ఎలినార్ ఆస్ట్రమ్ జీవితాంతం వెతికారు. అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమె, 2009లో. చెరువులు, పచ్చిక బయళ్లు, అడవులు అందరివీ అయితే పాడైపోవడం ఖాయమన్న వాదనను ఆమె ఊళ్లూ దేశాలూ తిరిగి పరిశీలించి తప్పని చూపించారు. ఆమె ఉదహరించిన వాటిలో స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే పల్లె ఉంది. ఎవరైనా చలికాలంలో సొంతంగా ఎన్ని ఆవులను మేపగలరో, వేసవిలో కొండ మీది ఉమ్మడి పచ్చికకు అన్ని ఆవులనే పంపాలని 1517లో అక్కడ రాసుకున్నారు. ఆ నియమం వందల ఏళ్లు నిలిచింది. అది పెట్టినవాళ్లే దాని కింద బతికారు, పక్కవాళ్లు ఎన్ని ఆవులు తోలుతున్నారో రోజూ చూశారు. లెక్క పెట్టడం తేలిక, మోసం చేయడం కష్టం. ఇప్పటి సంస్థల నియమావళులు వందల పేజీలున్నా ఈ రెండు లక్షణాలు వాటిలో అరుదు.

సమాజం తట్టుకునే శక్తి గురించి నేను ఎక్కువగా చెప్పే ఉదాహరణ 1995 జూలైలో షికాగో వడగాడ్పు. కొద్ది రోజుల్లో మామూలు కన్నా 739 మంది ఎక్కువగా చనిపోయారు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లినెన్‌బర్గ్ పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశాడు. రెండూ పేదవే, రెండింటిలోనూ ఒంటరిగా ఉండే ముసలివాళ్లు చాలామంది ఉన్నారు. నార్త్ లాన్‌డేల్‌లో మరణాల రేటు సౌత్ లాన్‌డేల్ కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ. దుకాణాలూ మనుషుల సందడీ ఉన్న వీధుల్లో ముసలివాళ్లు బయటికి వచ్చారు, చల్లగా ఉన్న చోట కూర్చున్నారు, కనిపించకపోతే ఎవరో ఒకరు తలుపు తట్టారు. పాడుబడిన ఇళ్లు, ఖాళీ స్థలాలు ఉన్న పేటలో భయంతో తలుపులు మూసుకుని లోపలే ఉండిపోయారు. వీధి చివర దుకాణం, కూర్చునే బల్ల, లైబ్రరీ అనేవి ఏ విపత్తు ప్రణాళికలోనూ కనిపించవు. కానీ బడ్జెట్ కోతలు పడినప్పుడు అవే ముందు పోతాయి.

బంగ్లాదేశ్ ఇంకా పెద్ద పాఠం. 1970 భోలా తుఫానులో కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. 1972లో అక్కడ తుఫాను సంసిద్ధత కార్యక్రమం మొదలైంది. తీరగ్రామాల్లోనే స్వచ్ఛంద కార్యకర్తలను తయారు చేశారు, ఇప్పుడు వాళ్లు సుమారు 76,000 మంది. మెగాఫోను పట్టుకుని ఇంటింటికీ తిరిగి చెప్పడం, ముసలివాళ్లను షెల్టరుకు చేర్చడం వాళ్ల పని. 1991లో వచ్చిన తుఫానులో ఇంకా లక్షా ముప్పై వేల మందికి పైగా పోయారు, ఎందుకంటే షెల్టర్లు చాలలేదు, చాలామందికి కదిలే వీలు లేదు. ఆ తర్వాత షెల్టర్లు, గట్లు పెంచారు, మహిళా కార్యకర్తలను ఎక్కువగా చేర్చారు. 2020లో ఆంఫన్ తుఫాను వచ్చినప్పుడు అక్కడ మృతుల సంఖ్య కొన్ని పదుల్లో ఆగింది. పేద దేశం, సంక్షోభం లేని సంవత్సరాల్లో కూడా ఆ కార్యక్రమాన్ని వదలకుండా నడిపింది. నేను గౌరవించేది ఆ విషయాన్నే.

చివరిగా, మీ స్థాయిలో ఏం చేయవచ్చు. డబ్బు విషయంలో పొదుపును మొత్తంగా కాకుండా నెలల్లో లెక్కపెట్టుకోండి: జీతం ఆగిపోతే ఇంటి ఖర్చు ఎన్ని నెలలు నడుస్తుంది? మూడు నెలలు అయితే ఊపిరి ఆడుతుంది, ఆరు నెలలు అయితే చెడ్డ ఉద్యోగాన్ని కాదనే ధైర్యం వస్తుంది. ఖర్చు తగ్గించడం కూడా ఈ నెలల సంఖ్యను పెంచుతుంది, ముఖ్యంగా వాయిదాల్లాంటి ఆపలేని ఖర్చులు. తక్కువ ఆదాయంతో బతికేవాళ్లకు ఇది సాధ్యపడకపోతే అది వాళ్ల క్రమశిక్షణ లోపం కాదు, వాళ్ల దగ్గర కోయడానికి ఏమీ మిగల్లేదు. అక్కడ పనిచేయాల్సింది సామాజిక భద్రత. ఇంటి ఆదాయం అంతా ఒకే కంపెనీ మీదో, ఒకే పరిశ్రమ మీదో ఆధారపడి ఉంటే, మీ పొదుపు కూడా అదే కంపెనీ షేర్లలో పెట్టకండి. ఇరుగుపొరుగులో కనీసం ఇద్దరి ఫోను నంబర్లు మీ దగ్గర, మీది వాళ్ల దగ్గర ఉండాలి. అవసరం లేని రోజుల్లోనే పలకరింపు మొదలుపెట్టాలి.

ఆఫీసులో అయితే ఈ నెలలోనే చేయగలిగిన పని ఒకటుంది. మీ టీములో ఒక్కరికి మాత్రమే తెలిసిన పనులను కాగితం మీద రాయండి, ఒక్కోదానికి రెండో మనిషి పేరు పెట్టండి, ఆ రెండో మనిషి నెలకు ఒకసారి ఆ పనిని నిజంగా చేసేలా చూడండి. పక్కన కూర్చుని చూడటం సరిపోదు, చేయి పెట్టి చేయాలి. దీనికి పట్టే గంటలను రాసి ఉంచి, బడ్జెట్ చర్చ మొదలయ్యే ముందే మేనేజరుకు ఇవ్వండి. చర్చ అయిపోయాక ఇస్తే, ఆ గంటలను అప్పటికే ఇంకో పనికి కేటాయించి ఉంటారు.